రేడియేటర్ నింపినా ఘాట్‌లో హీట్ ముల్లు లేస్తోంది: ఎయిర్ పట్టిందా, హెడ్ గ్యాస్కెట్టా?

కోట_వీధి (విజయనగరం) | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 1.2 లీటర్ ఇంజిన్. రేడియేటర్ మీదే మూత, పక్కన విడిగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా ఉండే రకం. మూడు వారాల క్రితం పై హోస్ పైపు పగిలింది. ఊళ్లోనే ఒక షెడ్‌లో కొత్త పైపు వేయించి కూలెంట్ పోయించాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. అప్పటి నుంచి బండి మునుపటిలా లేదు.

ఊళ్లో తిరిగితే ముల్లు మధ్యలోనే ఉంటుంది. నిన్న పిల్లలతో అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి, బొడ్డవర తర్వాత ఘాట్ మొదలైన కాసేపటికే ముల్లు పైకి లేచింది. పక్కకు ఆపాను. రెండు నిమిషాల్లో దానంతటదే దిగింది. మళ్లీ ఎక్కితే మళ్లీ లేచింది. ఇలా మూడుసార్లు జరిగాక అనంతగిరి కూడా చేరకుండానే వెనక్కి తిప్పేశాం. వచ్చేటప్పుడు డ్యాష్‌బోర్డ్ వెనక నీళ్లు గడగడమని పారుతున్న చప్పుడు వచ్చింది. ముందు విన్నది మా ఆవిడే.

ఈరోజు పొద్దున్న, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి చూస్తే రేడియేటర్‌లో కూలెంట్ వేలికి తగల్లేదు. పక్క డబ్బా మాత్రం నిండుగానే ఉంది. రేడియేటర్‌లో దాదాపు ముప్పావు లీటరు పట్టింది. షెడ్‌కి తీసుకెళ్తే మూత కూడా తీయకుండానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయింది, హెడ్ దించాలి, 14 వేలు అవుతుందన్నారు. వచ్చే శనివారం అమ్మను విశాఖ ఆసుపత్రిలో చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సాలూరు_లారీ | ఆదివారం రాత్రి 10:15

బాబూ, ముందు ఒక్క మాట. ముల్లు లేచినప్పుడు నువ్వు మూత ముట్టుకోలేదు, చాలా మంచి పని చేశావు. నేను సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ రోడ్డులో 27 ఏళ్లు బండి నడిపాను. పొట్టంగి దగ్గర మా క్లీనర్ కుర్రాడు వేడి రేడియేటర్ మూత గోనెసంచి వేసి తిప్పాడు. మోచేతి దాకా కాలింది. నెలన్నర మంచం మీద ఉన్నాడు. మూత బిగించి ఉన్నంతసేపు లోపల నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన మరుక్షణం అంతా ఆవిరై పైకి ఎగజిమ్ముతుంది. గుడ్డ వేసినా సరే, సగమే తిప్పినా సరే, వేడి మీద తీయొద్దు. గంటసేపు ఆగినా తప్పు లేదు.

నీ బండి సంగతికొస్తే, ముల్లు లేచి దిగడం, లోపల గడగడ, ఇవి రెండూ కూలెంట్‌లో ఎయిర్, అంటే గాలి, చేరిన లక్షణాలే. కానీ ఆ ఎయిర్ పైపు మార్చిన రోజున మిగిలిపోయిందా, రోజూ కొత్తగా వస్తోందా అన్నది తేలాలి. హెడ్ దించే మాట ఇప్పుడే వద్దు.

రాజాం_గ్యారేజ్ | ఆదివారం రాత్రి 10:50

బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాది రాజాంలో చిన్న షెడ్, 16 ఏళ్లుగా కార్లే చేస్తున్నాను.

కోట_వీధి గారూ, ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి హీటర్ మీట ఎర్ర రంగు వైపు పూర్తిగా తిప్పి బ్లోయర్ పెట్టండి. నిలబడి ఉన్నప్పుడు చల్లగాలి వచ్చి, రేస్ ఇస్తే వేడిగాలి వస్తోందా? అలా వస్తే లోపల కూలెంట్ తక్కువై గాలి ఉన్నట్టే. మన ప్రాంతంలో హీటర్ ఎవరూ వాడరు కాబట్టి ఇది ఎవరూ చూడరు. కానీ డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే ఆ చిన్న హీటర్ రేడియేటర్‌లోంచీ ఇంజిన్ కూలెంటే తిరుగుతుంది. చాలా బండ్లలో అది ఎత్తులో ఉంటుంది, అందుకే గాలి అక్కడ చేరుతుంది. మీ ఆవిడగారు విన్న చప్పుడు అదే.

గాలి ఎందుకు ప్రమాదమో కూడా చెప్తాను. వాటర్ పంపు కూలెంట్‌ను తోయగలదు గాని గాలిని తోయలేదు. పంపు రెక్కల దగ్గరికి గాలి చేరితే ఉత్తినే తిరుగుతుంది. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ గాలి బుడగ నిలిస్తే అక్కడి వేడిని తీసుకెళ్లేది ఏదీ ఉండదు. అల్యూమినియం హెడ్ కాబట్టి వంగిపోతుంది. అప్పుడు నిజంగానే గ్యాస్కెట్ పోతుంది. ఇంకోటి, ముల్లు పనిచేసేది ఒక సెన్సర్ మీద. ఆ సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. గాలిలో ఉంటే తప్పు చూపిస్తుంది. ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందే ఉన్న బండ్లు నా షెడ్‌కి వచ్చాయి.

పది నిమిషాల్లో పైపు మార్చి కూలెంట్ పోసి పంపించేశారు అంటేనే అర్థమవుతోంది. థర్మోస్టాట్ (వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వు) మూసుకుని ఉన్నప్పుడు పైన మూత దాకా నింపితే నిండినట్టే కనిపిస్తుంది. అది తెరుచుకునేది 82 నుంచి 88 డిగ్రీల మధ్య, బండిని బట్టి. తెరుచుకున్నాక ఇంజిన్ వైపున్న గాలి బయటికొచ్చి మట్టం దిగుతుంది. ఆ సమయానికి బండి రోడ్డు మీద ఉంటే ఎవరు చూస్తారు?

నెల్లిమర్ల_88 | సోమవారం ఉదయం 7:05

అన్నా, ఇంత తలనొప్పి ఎందుకు, ఆ థర్మోస్టాట్ పీకేస్తే సరి. మా ఊళ్లో ఆటోలు, వ్యాన్లు అన్నీ అలాగే తిరుగుతున్నాయి. మన ఎండలకి అది అవసరమే లేదు. కూలెంట్ కూడా దండగ. నేను బోరు నీళ్లే పోస్తాను, ఆరేళ్లుగా బాగానే ఉంది.

చీపురుపల్లి_ఫిజిక్స్ | సోమవారం ఉదయం 7:40

తమ్ముడూ, ఈ రెండు మాటలూ చాలామంది నమ్ముతారు కాబట్టి వివరంగా చెప్తాను. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. మా వారి కారు పనులు కూడా నేనే చూస్తాను.

థర్మోస్టాట్ చలిదేశాల కోసం పెట్టింది కాదు. ఇంజిన్‌ను ఒకే వేడి దగ్గర నిలబెట్టడం దాని పని. తీసేస్తే హైవే మీద ఇంజిన్ ఉండాల్సిన దానికంటే చల్లగా నడుస్తుంది, కంప్యూటర్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ఇంకా ముఖ్యమైనది చెప్తాను. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి బండిలో అది తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు హీట్ తగ్గకపోగా పెరుగుతుంది.

నీళ్ల సంగతి. ఉత్త నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మూత లేకుండానే 107 దాకా ఆగుతుంది. రేడియేటర్ మూత మీద 0.9 అని అంకె ఉంటుంది చూడు, అది బార్లలో ఒత్తిడి. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 118 దాకా మరగవు, కూలెంట్ కలిపితే ఇంకా పైన. లోపల మరిగి ఆవిరైతే ఆ ఆవిరి కూడా గాలి బుడగ లాంటిదే, వేడిని మోయదు. బోరు నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. మన ఇంట్లో గీజర్ కాయిల్‌కి తెల్లగా పట్టేది అదే. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందులు ఉంటాయి, నీళ్లలో ఉండవు.

కోట_వీధి (విజయనగరం) | సోమవారం రాత్రి 8:20

రాజాం అన్నా, మీరు చెప్పిన పరీక్ష చేశాను. అచ్చం అలాగే! నిలబడితే చల్లగాలి, రేస్ ఇస్తే వేడిగాలి. అంటే గాలి ఉందన్నమాట. మరి దాన్ని తీయడం ఎలా? ఇంట్లో చేసుకోగలనా? మా ఇంటి ముందు ఎత్తు ర్యాంపు ఉంది, అది పనికొస్తుందా?

రాజాం_గ్యారేజ్ | సోమవారం రాత్రి 9:30

పనికొస్తుంది, అదే కావాలి. బండి ముక్కు పైకి ఉండేలా ర్యాంపు మీద నిలపండి. రేడియేటర్ మూత మొత్తం సిస్టమ్‌లో అన్నిటికంటే ఎత్తు కావాలి, అప్పుడు గాలి అటే వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇటుకలు వద్దు, నలిగిపోతాయి. ఇంటి గేటు తీసి ఉంచండి, పొగ లోపలికి పోకూడదు.

పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మొదలుపెట్టండి. హీటర్ మీట పూర్తిగా వేడి వైపు పెట్టండి. కొన్ని బండ్లలో హీటర్‌కి వాల్వు ఉంటుంది, మీట తిప్పకపోతే అక్కడి గాలి అక్కడే ఉండిపోతుంది. ఏసీ మాత్రం వేయొద్దు. ఏసీ వేస్తే ఫ్యాన్ ఇంజిన్ వేడితో పని లేకుండా తిరుగుతుంది, థర్మోస్టాట్ తెరుచుకుందో లేదో మీకు తెలియదు. మూత తీసి, పై పైపు, కింది పైపు రెండింటినీ చేత్తో మెల్లగా పిసుకుతూ వదులుతూ ఉండండి. బుడగలు పైకి వస్తాయి, మట్టం దిగుతుంది. సన్నగా పోయండి. గబగబా పోస్తే పోస్తున్న కూలెంటే గాలిని అడ్డుకుంటుంది. ఇక్కడే పావుగంట పట్టినా ఫర్వాలేదు, తొందర అసలు వద్దు.

నోట్లో గట్టిగా కూర్చునే పెద్ద గరాటు ఉంటే పెట్టండి, సగం దాకా కూలెంట్ నింపి ఉంచండి. గరాటు లేకపోతే చిన్న నీళ్ల బాటిల్ అడుగు కోసి, మెడకి గుడ్డ చుట్టి బిగించినా సరిపోతుంది. స్టార్ట్ చేసి వదిలేయండి. పది, పదిహేను నిమిషాలు పడుతుంది. కింది పైపు కూడా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. ఒక్కసారిగా మట్టం దిగి, పెద్ద బుడగలు వస్తాయి. అప్పుడు ఒకరిని సీట్లో కూర్చోబెట్టి రేస్ కొంచెం పెంచి నిమిషం పాటు పట్టుకోమనండి, మెల్లగా వదలమనండి. రెండు మూడుసార్లు. రేస్ వదిలినప్పుడు కూలెంట్ పైకి తన్నుకొస్తుంది, ముఖం దూరంగా ఉంచండి, చేతికి గ్లౌజు వేసుకోండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాలి, హీటర్‌లోంచి నిలకడగా వేడిగాలి రావాలి, బుడగలు ఆగాలి. ఈ మూడూ అయ్యాకే మూత బిగించండి. డబ్బాలో కింది గీతకీ పై గీతకీ మధ్యలో పోయండి. మర్నాడు పొద్దున్న చల్లటి మీద మళ్లీ చూడండి. కొద్దిగా దిగుతుంది, అది మామూలే.

కింద ఒలికిన కూలెంట్‌ను వెంటనే నీళ్లు పోసి కడగండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, ఆవులు నాకుతాయి. అది విషం. పిల్లల్ని కూడా దగ్గరికి రానీయకండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం) | సోమవారం రాత్రి 10:05

ఈ చర్చ చదివే డీజిల్ బండ్ల వాళ్ల కోసం ఒక మాట. నాది రేడియేటర్ మీద మూత లేని రకం. పక్కనున్న డబ్బాకే మరమూత, అదే ఒత్తిడి పట్టే డబ్బా. దీనిలో గాలి దానంతటదే డబ్బాలోకి రావడానికి పైన సన్న పైపు ఉంటుంది. అది మూసుకుపోతే ఎన్నిసార్లు నింపినా గాలి పోదు. డబ్బా వైపు కొస తీసి చూస్తే, ఇంజిన్ ఆడుతున్నప్పుడు సన్నటి ధార రావాలి. నాది పూర్తిగా పూడిపోయి ఉంది, సన్న తీగ పెట్టి తీశాక బాగుపడింది.

కొన్ని బండ్లకి థర్మోస్టాట్ దగ్గరో, హీటర్ పైపు మీదో గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చాక బిగించాలి. బలం పెట్టొద్దు. నేను అరసవల్లి వెళ్లే తొందరలో గట్టిగా తిప్పితే ప్లాస్టిక్ స్క్రూ విరిగి సగం లోపలే ఉండిపోయింది. ఆ స్క్రూ కూర్చునే హౌసింగ్ (గూడు) మొత్తం మార్చాల్సి వచ్చింది. రెండు వేళ్లతో బిగిస్తే చాలు.

కోట_వీధి (విజయనగరం) | మంగళవారం రాత్రి 7:50

అయింది! పొద్దున్న 5 గంటలకే మొదలుపెట్టాను. పైపులు పిసుకుతుంటేనే అర లీటరుకి పైగా పట్టింది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు గ్లబ్ మని పెద్ద బుడగ వచ్చింది. మా ఆవిడ రేస్ పట్టింది, నేను మట్టం చూశాను. గంటా పది నిమిషాలు పట్టింది. హీటర్‌లోంచి చేయి పెట్టలేనంత వేడిగాలి. గడగడ చప్పుడు లేదు. సాయంత్రం గజపతినగరం దాకా వెళ్లొచ్చాను, ముల్లు కదల్లేదు. అన్నా, బాబాయ్, మేడమ్, అందరికీ దండాలు.

కోట_వీధి (విజయనగరం) | గురువారం ఉదయం 6:30

మనసేం బాగోలేదు. ఈరోజు చల్లటి ఇంజిన్ మీద చూస్తే రేడియేటర్ మళ్లీ రెండు వేళ్ల లోతు దిగింది. గడగడ కూడా మొదలైంది. బండి కింద తడి లేదు. అంటే షెడ్ వాళ్లు చెప్పిన హెడ్ గ్యాస్కెట్టే నిజమా? శనివారం దగ్గరికి వచ్చేసింది.

రాజాం_గ్యారేజ్ | గురువారం ఉదయం 7:15

ఆగండి. హెడ్ గ్యాస్కెట్ అయితే దాని గుర్తులు వేరుగా ఉంటాయి. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేయండి. సిలిండర్‌లో మండిన గ్యాస్ లోపలికి వస్తుంటే మొదటి నిమిషం నుంచే బుడగలు ఆగకుండా వస్తాయి, పావుగంటైనా తగ్గవు. తర్వాత మూత బిగించి, మళ్లీ చల్లారాక, స్టార్ట్ చేసి పై పైపు పట్టుకుని చూడండి. ఇంకా వేడి ఎక్కకముందే రాయిలా గట్టిపడితే అనుమానించాలి. ఆయిల్ మూత లోపల పాలమీగడలా ఉందా? సైలెన్సర్‌లో తెల్లపొగ ఆగకుండా వస్తోందా? ఇవేవీ లేకపోతే హెడ్ ముట్టుకోనివ్వకండి. ఇంకా అనుమానం ఉంటే నీలం మందు పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర గాలిని ఆ మందులోంచి లాగితే, మండిన గ్యాస్ ఉన్నప్పుడు నీలం పసుపుగా మారుతుంది. హెడ్ దించే ముందు చేయాల్సింది ఇది.

కోట_వీధి (విజయనగరం) | గురువారం ఉదయం 8:40

ఆఫీసుకి సెలవు పెట్టి అన్నీ చూశాను. బుడగలు మొదట నాలుగైదు వచ్చి ఆగిపోయాయి. పైపు మెత్తగానే ఉంది. ఆయిల్ శుభ్రంగా ఉంది. పొగ లేదు.

చీపురుపల్లి_ఫిజిక్స్ | గురువారం ఉదయం 9:10

బాబూ, మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. రేడియేటర్ ఖాళీ, పక్క డబ్బా మాత్రం నిండుగా ఉందన్నారు. ఇప్పుడు డబ్బా ఎలా ఉంది? మంగళవారం పోసిన దానికంటే పైకి వచ్చిందా?

కోట_వీధి (విజయనగరం) | గురువారం ఉదయం 9:25

అవును మేడమ్! గీతల మధ్యలో పోశాను, ఇప్పుడు పై గీత దాటింది. నేను గమనించనే లేదు.

చీపురుపల్లి_ఫిజిక్స్ | గురువారం ఉదయం 9:50

అయితే చాలావరకు కూలెంట్ ఎక్కడికీ పోలేదు, డబ్బాలోకి వెళ్లి వెనక్కి రావడం లేదు. మూతలో రెండు వాల్వులు ఉంటాయి. వేడెక్కి కూలెంట్ వ్యాకోచించినప్పుడు పెద్ద వాల్వు తెరుచుకుని ఎక్కువైనది సన్న పైపు ద్వారా డబ్బాలోకి పోతుంది. చల్లారినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, మధ్యనున్న చిన్న వాల్వు తెరుచుకుని డబ్బాలోంచి వెనక్కి పీల్చుకుంటుంది. మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. స్ట్రాకి పైన చీలిక ఉంటే నీళ్లు రావు, గాలి వస్తుంది. మీ బండి ప్రతి రాత్రీ గాలి తాగుతోందని నా అనుమానం.

చిన్న వాల్వు పట్టేసి ఉంటే చల్లారాక పై పైపు చప్పిడిగా నొక్కుకుపోవాలి. మీది అలా లేదు కాబట్టి సన్న పైపునే ముందు చూడండి. కొస డబ్బా అడుగు దాకా మునిగి ఉందా, రేడియేటర్ మెడ దగ్గర బిగుతుగా ఉందా, మధ్యలో పగుళ్లు ఉన్నాయా?

సాలూరు_లారీ | గురువారం ఉదయం 10:20

టీచరమ్మ గారు సరిగ్గా పట్టుకున్నారు. పైపు కంటితో చూస్తే చాలదు బాబూ. ఊడదీసి, వంచి చూడు. పాత రబ్బరు వంచితేనే నోరు తెరుస్తుంది.

కోట_వీధి (విజయనగరం) | గురువారం మధ్యాహ్నం 1:15

దొరికింది. సన్న పైపు రేడియేటర్ మెడకి తగిలించే చోట, సరిగ్గా క్లిప్పు కింద, గోరంత పొడవు చీలిక. పై హోస్ మార్చేటప్పుడు దీన్ని లాగి పక్కన పెట్టి ఉంటారు, ఎండిన రబ్బరు అప్పుడే చీలి ఉంటుంది. మెడ దగ్గర ఎండిన ఆకుపచ్చ మరక కూడా ఉంది, అంటే కాస్త బయటికి కారి వేడికి ఆరిపోయేది. అందుకే కింద తడి కనిపించలేదు. స్పేర్ పార్టుల షాపులో మీటరు పైపు 60 రూపాయలకి తెచ్చాను. మూత రబ్బరు కూడా గట్టిపడి ఉంది, అదే 0.9 అంకె ఉన్న కొత్తది వేశాను.

రాజాం_గ్యారేజ్ | గురువారం మధ్యాహ్నం 1:40

అదే అంకె చూసి కొన్నారు, మంచిది. ఎక్కువ అంకె వేస్తే పాత పైపుల మీద భారం పడుతుంది, తక్కువ వేస్తే త్వరగా మరుగుతుంది. ఇప్పుడు ర్యాంపు మీద మళ్లీ ఒకసారి గాలి తీయండి, ఈ రెండు రాత్రులు పీల్చింది లోపలే ఉంది. రేపు పొద్దున్న డబ్బా మట్టం కచ్చితంగా చూడండి. వేడి మీద పెరిగి, చల్లారాక తిరిగి పాత గీతకే రావాలి.

కోట_వీధి (విజయనగరం) | శుక్రవారం ఉదయం 6:10

నిన్న సాయంత్రం వేడి మీద డబ్బాపై పెన్‌తో గీత పెట్టాను. ఈరోజు దానికంటే వేలెడు కిందికి దిగింది. రేడియేటర్ మూత దాకా నిండుగా ఉంది.

కోట_వీధి (విజయనగరం) | ఆదివారం రాత్రి 9:05

నిన్న అమ్మను విశాఖ తీసుకెళ్లి తీసుకొచ్చాను. ఈరోజు అమ్మే అడిగింది, అరకు వెళ్దామని. అనంతగిరి దాటి గాలికొండ దాకా ఏసీ వేసుకునే ఎక్కాం. ఓబీడీ స్కానర్ (ఇంజిన్ సెన్సర్ల అంకెలు చూపించే పరికరం) ఒకటి కొని ఫోన్‌లో చూస్తూ ఉన్నాను: కూలెంట్ వేడి 96 డిగ్రీలు దాటలేదు. ఇంటికి వచ్చాక చల్లారనిచ్చి చూశాను, రేడియేటర్ నిండుగానే ఉంది. ఆ చీలిన పైపు ముక్క పారేయకుండా డిక్కీలో ఉంచాను, షెడ్ వాళ్లకి చూపించాలి.

నెల్లిమర్ల_88 | ఆదివారం రాత్రి 9:30

అన్నా, ఈ చర్చ మొత్తం చదివి నా బండి మూత తీసి చూశాను. లోపల అంతా తుప్పు రంగు నీళ్లే. థర్మోస్టాట్ వేయించి కూలెంట్ పోయించాలంటే ముందు రేడియేటర్ కడిగించాలా?

రాజాం_గ్యారేజ్ | ఆదివారం రాత్రి 9:45

కడిగించాలి తమ్ముడూ. తుప్పు మీద కొత్త కూలెంట్ పోస్తే వారంలో అదీ ఎర్రబడుతుంది. మంచి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో తిప్పి వదిలేయాలి. కొత్త థర్మోస్టాట్‌కి అంచున చిన్న రంధ్రంలో ఊగే పిన్ను ఉంటే, అది పైకి ఉండేలా బిగించమని చెప్పు. నింపేటప్పుడు గాలి దాంట్లోంచే బయటికి పోతుంది. బుధవారం షెడ్‌లో ఖాళీగానే ఉంటాను, పొద్దున్నే చల్లటి బండితో రా.